స్తమెంక నోటి వాసన

స్త్రాంజా కొండల్లో మేకల పాలు పితికీ పితికీ స్తమెంక బతుకు అరిగిపోయింది. మొగుడు పోయాడు, మోకాళ్ళు పోయాయి. మిగిలిన పరువల్లా ఒక్కటే. నలభై రోజుల పెద్ద ఉపవాసాల మొదట్లో మూడు రోజులు పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా ఉండి, బుధవారంనాడు చర్చి రొట్టెకు పిండి పిసకడం. అత్తగారి తరవాత ఆ పని ఆమెదే. ఉపవాసం చెడినవాళ్ళు ఆ పిండితొట్టిని తాకకూడదు.

ఆ బుధవారం తొట్టి దగ్గరికి రాగానే ఆడపడుచు దొన్క ముక్కు ఎగబీల్చింది.

"వదినా, ఆపిల్ సారా గుప్పుమంటోంది. ఎప్పణ్ణించి ఈ భక్తి?"

"నీ ముక్కు పాడుగాను! ఉమ్మి తప్ప మింగింది లేదు."

"అయితే ఆ సారా ఏ దేవదూత పోసిపోయాడు? తొట్టి ఇటివ్వు. ఊరంతా తినే రొట్టె అది."

పోట్లాడే ఓపిక స్తమెంకకు లేదు. కానీ తొట్టి పోతే తనను ఊళ్ళో తలుచుకునేవాళ్ళే ఉండరు. చెక్క అంచును రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది.

తమ ఇంటి వంతు పిండి ఇవ్వడానికి వచ్చిన నర్సు వెలిచ్క ఇది చూసింది.

"ఏదీ, ఊదు స్తమెంకత్తా." వాసన చూసి తల అడ్డంగా ఊపింది. "సారా కాదు దొన్క పిన్నీ. పొయ్యి దగ్గర కట్టెలు అయిపోతే అటక మీద దాచినవి దించుతాం కదా? ఒళ్ళూ అంతే. తిండి రాకపోతే దాచుకున్న కొవ్వును దించి, పీల్చే గాలితో కాలుస్తుంది. కాలేయం ఆ కొవ్వును విరగ్గొట్టి పంపేదాంట్లో కాస్త ఊపిరితో బయటికొస్తుంది. మాగిన పండు వాసన దానిదే."

"నా దగ్గర కొవ్వెక్కడుందే, బొమికలు తప్ప?"

"మా వదినకు కొవ్వుకేం తక్కువ," అని దొన్క గొణిగింది.

"ఎంత బక్కవాళ్ళకైనా కొంత ఉంటుందత్తా. ఇన్నాళ్ళు తినకపోతే ఈ వాసన మామూలే."

స్తమెంక మెల్లగా ఆడపడుచు వైపు తిరిగింది. "దొన్కదీ ఉపవాసమేగా. దాన్నీ ఊదమను."

దొన్క నోరు తెరవలేదు. తలగుడ్డ సర్దుకుంటూ పక్కకు తిరిగింది. ఊరేసిన క్యాబేజీ వాసన మాత్రం దాగలేదు.

ఇంకో రోజయితే స్తమెంక ఈ మాట ఊరంతా చాటి వచ్చేది. ఇవాళ అంత దూరం ఎవరు నడుస్తారు?

"నీళ్ళు మోసుకురా. కట్టెలు కూడా. తిన్న ఒళ్ళు, మోస్తుందిలే," అంది.

దొన్క బిందె ఎత్తుకుంది. స్తమెంక పిండిలో చేతులు పెట్టి, కాసేపు పిసుకుతూ, కాసేపు తొట్టి మీదే వాలిపోతూ, పని సాగించింది.