ఒనొరీన్ పంచిన గుడ్లు

ఫ్రాన్సు దక్షిణాన సెవెన్ అనే మా కొండల్లో పట్టుపురుగు గుడ్లను ఆడవాళ్లే పొదిగేవారు. చిన్న గుడ్డసంచిలో పోసి, రవికె లోపల పెట్టుకుని, పదిరోజులు ఒంటివేడి ఇచ్చేవారు. ప్రతి వేసవిలో బలమైన సీతాకోకచిలుకలను ఏరి, గుడ్లు పెట్టించి, ఏప్రిల్ దాకా దాచి, వీధిలో తొమ్మిది ఇళ్లకు పంచేది ఒనొరీన్ రువియేర్. ఆమె చెయ్యి మంచిదని పేరు.

ఏడేళ్లుగా పురుగులు నల్లమచ్చలు పడి తట్టల్లోనే చచ్చాయి. చలి అన్నారు, రైలు పొగ అన్నారు. పాస్టరు మా పాపాలన్నాడు. మూడో ఏడు పట్టు పోవడంతో, ఒనొరీన్ పక్కింటి నొయెమీ భర్త బొగ్గుగనికి పోయి, కూలిన మట్టికింద ఉండిపోయాడు.

ఆ చలికాలం బడిపంతులు పాంతియే పట్నం నుంచి సూక్ష్మదర్శిని తెచ్చాడు. గుడ్లు పెట్టిన సీతాకోకచిలుకను నీళ్లలో నూరి, ఒక చుక్క చూడటం నేర్చుకొచ్చాడు. ఒనొరీన్ వేసవి నుంచి ఎండబెట్టి దాచిన సీతాకోకచిలుకల్లో మేలైనదాన్ని గర్వంగా పట్టుకెళ్లింది. అద్దంలో మెరిసే గింజలు కిటకిటలాడాయి.

"ఇదేనమ్మా జబ్బు. తల్లిలో ఉంటే గుడ్డులోకీ వస్తుంది."

"దీనికి ఒక్క మచ్చా లేదు కదండీ పంతులుగారూ? నేనే ఏరాను."

"ఉత్త కంటికి కనబడదమ్మా."

మిగిలినవన్నీ చూశారు. ఒక్కటీ శుభ్రంగా లేదు.

ఆ తర్వాత వీధిలో నడుస్తుంటే ఏ తలుపు దగ్గర ఏ సంవత్సరం గుడ్లు ఇచ్చిందో ఆమెకు గుర్తొచ్చేది. సంచి లేకపోయినా రొమ్ముల మధ్య ఏదో పాకినట్టుండేది.

ఏప్రిల్లో నొయెమీ గిన్నెతో వచ్చింది.

"ఏం వదినా, నా వాటా ఉంచావా, పంతులు చిలకలన్నిట్నీ నూరి సూపు కాచేశాడా?"

"గుడ్లు పొయ్యిలో వేశాను. జబ్బు వాటిలోనే ఉంది."

"చాల్లే! నీ చెయ్యి చెడ్డదైతే ఇంకెవరిది మంచిది?"

"అంతకుముందు ఇచ్చినవాటిలోనూ ఉండే ఉంటుంది."

నొయెమీ నవ్వు ఆగింది. "మా ఆయన వెళ్లిన ఏడు?"

"ఆ ఏడూ నేనే ఇచ్చాను."

నొయెమీ గిన్నె బోర్లించి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

పంతులు పరీక్షించిన గుడ్లు పైఊరి నుంచి తెప్పించి అందరికీ ఇచ్చాడు. జూన్‌లో నొయెమీ అటకమీద పురుగులు చివరి మేత మేస్తుంటే రేకుమీద వాన పడ్డట్టుంది. ఏడేళ్ల తర్వాత ఆ చప్పుడు వినాలని ఆడవాళ్లంతా ఎక్కారు. ఒనొరీన్ కూడా నాలుగు మెట్లు ఎక్కింది.

"నువ్వు కిందే ఉండు వదినా," అంది నొయెమీ పైనుంచి, కోపం లేకుండా.

ఒనొరీన్ ఆ మెట్టుమీదే కూర్చుంది. పైన అవి తింటూనే ఉన్నాయి.