ఇంజను అడిగి రావడం

మా అత్తవారింట్లో మగవాళ్ళు ఒకరినొకరు ఏదీ అడగరు. పంపకాలైన దగ్గర్నుంచి మామయ్యగారికీ ఆయన తమ్ముడికీ మాటల్లేవు. అలాగని పగ కూడా లేదు. పెళ్ళిళ్ళలో పక్కపక్కనే కూర్చుని తింటారు, దారిలో ఎదురుపడితే తలపాగా సర్దుకుని తప్పుకుంటారు. ఏదైనా కావలసి వస్తే ఈ ఇంటి ఆడది ఆ ఇంటి పెరట్లోకి వెళ్ళి, ఆ ఇంటి ఆడదానితో చెప్పాలి. ఆవిడ రాత్రి అన్నం వడ్డిస్తూ మొగుడి చెవిన వేస్తుంది. ఆయన విననట్టే తిని, తెల్లారి ఆ పని చేసేస్తాడు. మగవాళ్ళ పరువు మగవాళ్ళ దగ్గరే ఉంటుంది. అడిగిన సిగ్గు మాత్రం మా దగ్గర ఉండిపోతుంది.

నేను విజయనగరంలో బి.ఏ. చదివి, గజపతినగరం దగ్గర ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా ఆయనకి సాలూరులో ఉద్యోగం, ఆదివారాలు వస్తారు. వచ్చిన ఏడాదే ఈ అడిగే పని అత్తయ్యగారి దగ్గర్నుంచి నాకు వచ్చింది. "సదూకున్నదానివి, నీకు మాటలొస్తాయి. నువ్వే ఎల్లు" అన్నారావిడ.

పంపకాల్లో భూమి రెండయింది, ఇల్లు రెండయింది. చెరకు మళ్ళకి నీళ్ళు తోడే ఆయిలింజను మాత్రం రెండు కాదు కదా. అందుకని దానికి వంతులు పెట్టుకున్నారు. బండి మీద ఎక్కించి ఒకనాడు మా నూతి దగ్గరికి, ఒకనాడు వాళ్ళ నూతి దగ్గరికి తోలేవారు. ఇంజనులో ఉన్న సుఖం అదే, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తుంది. కష్టాలు కూడా తక్కువ కాదు. డీజిలు పట్నం నుంచి డ్రమ్ముల్లో తెచ్చుకోవాలి. హేండిలు తిప్పేటప్పుడు ఒక్కోసారి వెనక్కి తంతుంది. ఒకసారి మామయ్యగారి మణికట్టు అలాగే వాచిపోయి, కొన్నాళ్ళు ఎడమచేత్తో తిన్నారు. మా నుయ్యి ఇంటి వెనకే కాబట్టి, గాలి తిరిగితే పొగంతా వంటింట్లోకి వచ్చేది. మా పాప దగ్గేది. అది దగ్గితే చాలు, నేను తలుపులన్నీ మూసి, దాని వీపు మీద చెవి పెట్టి వింటూ కూర్చునేదాన్ని.

తర్వాత ఊరికి కరెంటు వచ్చింది. స్తంభాలు మా నూతి దాకా వచ్చి ఆగిపోయాయి. మామయ్యగారు మోటారు పెట్టించారు. పొగ లేదు, హేండిలు లేదు, డ్రమ్ము లేదు. దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించేవారు.

"సెయ్యెట్టి సూడండొరే! సప్పుడున్నాదా? వాసనున్నాదా? మీట నొక్కితే సాలు, గంగమ్మ ఎగేసుకుని వస్తాది!"

ఇంజనులో తన వంతు తమ్ముడికే వదిలేశారు. ఆ కబురు కూడా నేనే మోశాను. ఊరికే వదిలితే బాగుండేది. తమ్ముడి నూతి దగ్గర ఇంజను మొదలైనప్పుడల్లా అరుగు మీద కూర్చుని, "అదుగో, ముసిలోడు దగ్గుతన్నాడు" అనేవారు. అరుగు మీదివాళ్ళు నవ్వేవారు. లోపల నేనూ నవ్వేదాన్ని.

అత్తయ్యగారొక్కరే నవ్వలేదు. "డీజిలైపోతే ఏ ఇంటి కాడో బదులు తెస్తాం. కరెంటు రాని దినాన్న ఎవురింటి కాడ బదులు తెస్తారు?" అని అడిగారు.

పోయిన వేసవిలో ఆ దినం వచ్చింది. చెరకు ముచ్చెలు మొలిచి మోకాలెత్తు లేచాయి. ఎండలు ముదిరాయి. మొదట్లో మోటారు మూలుగుతూ తిరగనని మొరాయించేది. తర్వాత ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. లైనుమేను వచ్చి, తల పైకెత్తి చూసి, పైనుంచి సామాను రావాలని చెప్పి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా చెరకు ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోతున్నాయి. మాకు ఏడాది పొడుగునా జరిగేది ఆ చెరకు మీదే. వాళ్ళకీ అంతే. కాకపోతే వాళ్ళ మళ్ళు పచ్చగా ఉన్నాయి.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని మామయ్యగారు గోడతో చెప్పినట్టు, "పైమడి పోతన్నాది" అన్నారు. అత్తయ్యగారు నా వైపు చూశారు. పాపని చంకనెత్తుకుని బయల్దేరాను.

మామయ్యగారి తమ్ముడి భార్య, మా చిన్నత్త, పెరట్లో చోళ్ళు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది.

"ఓలమ్మా, కరెంటోరి కోడలే! ఇంత ఎండలో గుంటనెత్తుకొచ్చినావంటే ఏదో ఉన్నాది. ఏటి కావాలేటి?"

"అదే చిన్నత్తా, ఇంజను ఒక్క రోజు…"

"ఏ ఇంజను? దగ్గుతాదే, ఆ ముసిలోడా? ఆడొస్తే మీ గుంటకి నిద్దర పడతాదేటి?"

నా మొహం వేడెక్కిపోయింది. అంటే అరుగు మీద మాటలన్నీ గోడ దాటి ఇక్కడికి వచ్చాయన్నమాట. నా నవ్వు కూడా వచ్చిందేమో! తల వంచుకుని పాప గౌను సర్దుతూ నిలబడ్డాను.

చిన్నత్త నన్ను ఇంకా కాసేపు అలాగే నిలబెట్టి, చేతులు దులుపుకుని పాపని అందుకుంది. "మీ మావ మీద కోపంగాని నీ మీద ఏటున్నాదే? తడి సగంలో ఉన్నాది మాది. అయినా రేపు తోలిస్తాలే. మా ముసిలోడికి నాను సెప్తాను" అంది.

మర్నాడు చిన్నమామయ్య తన మడికి తడి సగంలో ఆపేసి ఇంజను తెచ్చారు. బండి మీంచి దించి, నూతిలోకి గొట్టం వేసి, పంపులో కడవలతో నీళ్ళు పోసి, బెల్టు ఎక్కించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అత్తయ్యగారు చల్ల ఇచ్చి పంపితే తీసుకెళ్ళాను. ఆయన హేండిలు తిప్పారు, ఇంజను అందుకుంది, నీళ్ళు బోదెలో పడ్డాయి. ఆ నీళ్ళు ఇంకా మొదటి మడి చేరనే లేదు, మోటారు కొట్లో బల్బు వెలిగింది.

మామయ్యగారు చిన్నపిల్లాడిలా పరిగెత్తారు. "కరెంటొచ్చినాదిరా! ఆపీండి, ఆపీండి! ఆ గొట్టం తీసీండి, అడ్డుగున్నాది!" అని అరుస్తూ స్టార్టరు నొక్కారు. మోటారు నీళ్ళు ఎగిరిపడ్డాయి. ఆయన దోసిలి పట్టి మొహం మీద చల్లుకుని నవ్వారు. పనివాళ్ళు కూడా నవ్వారు.

చిన్నమామయ్య ఇంజను ఆపి, బెల్టు లాగి చుట్ట చుట్టారు. గొట్టం పైకి తీశారు. తెచ్చిందంతా మళ్ళీ బండికెక్కించుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. అంతసేపూ నేను ఒక చంకలో పాప, ఒక చేతిలో చెంబుతో ఆయన ఎదుటే నిలబడి ఉన్నాను. వెళ్ళిపోతే బాగుండదు, ఉంటే చూడలేను.

"చల్ల తాగండి, చిన్నమామయ్యగారూ" అన్నాను.

"ఎందుకమ్మా, మీ ఇంట నీలు దండిగున్నాయి కదా" అని ఎడ్లని అదిలించారు.

కరెంటు రెండు రోజులుండి మళ్ళీ పోయింది. ఈసారి మామయ్యగారు గోడతో కూడా ఏమీ అనలేదు. అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నారు. అత్తయ్యగారు నా వైపు చూడలేదు. ఎవరూ వెళ్ళమనకపోయినా నేనే వెళ్ళాను.

చిన్నత్త వెటకారం ఆడుతుందని దారి పొడుగునా గుండె చిక్కబట్టుకున్నాను. ఆవిడ చాప వేసింది. పాప నోట్లో బెల్లం ముక్క పెట్టింది. నేను అడిగేలోపలే, "బెల్టు తెగిపోనాదమ్మా" అంది.

ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళ నూతి దగ్గర ఇంజను ఆడుతోంది. ఆయిలింజను గుట్టు దాచదు, ఊరంతటికీ వినిపిస్తుంది. పాప తల తిప్పి అటువైపు వేలు చూపించి, "టక్కు, టక్కు" అంది. చిన్నత్త ఆ వేలిని మెల్లిగా మడిచి తన గుప్పిట్లో పెట్టుకుంది.

"అయ్యో, ఎప్పుడు తెగింది చిన్నత్తా?" అన్నాను నేను.

"నిన్ననే."

"పాత బెల్టు కదా మరి."

"పాతదే."

పాపని ఎత్తుకుని లేచాను. ఇంజను ఆగలేదు.

ఇంటికొచ్చి మామయ్యగారికి ఆ మాటే చెప్పాను. ఆయన అరుగు మీద ఉన్నారు. ఇంజను చప్పుడు అక్కడికీ బాగా వినిపిస్తోంది. తువ్వాలుతో మెడ తుడుచుకుని, "తెగిపోనాదా" అన్నారు. తువ్వాలు భుజాన వేసుకుని, "మరి తెగదేటి" అన్నారు.

మర్నాడు పొద్దున్న బస్సులో విజయనగరం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. కాగితంలో చుట్టిన కొత్త బెల్టు నా చేతిలో పెట్టారు.

"బెల్టు తెగిపోనాదన్నారు కదా. ఇచ్చీసి రా."

"ఏమని చెప్పమంటారు?"

"ఏటీ సెప్పకు."

అది క్షమాపణో, చెంపదెబ్బో నాకు అర్థం కాలేదు. అత్తయ్యగారినడిగితే, "నీకెందుకు? ఇయ్యమన్నాడు, ఇచ్చీసి రా" అన్నారు. పాప నిద్రపోతుంటే ఒక్కదాన్నే వెళ్ళాను. కొత్త సరుకు వాసన చేతులకి అంటుకుంది.

చిన్నత్త కాగితం విప్పింది. ఆవిడ వెనక గోడకి, మేకు మీద పాత బెల్టు వేలాడుతోంది. ఎక్కడా తెగలేదు. నేను దాన్ని చూశాను. నేను చూడడం ఆవిడ చూసింది. నోరున్న మనిషి, ఊరంతటికీ సమాధానం చెప్పగలదు, నా ముందు తల దించుకుంది.

ఆ క్షణం నాకు సంతోషం కలిగింది. ఎండలో చంటిపిల్లతో రెండుసార్లు దేహీ అని నిలబడ్డదానికి కసి తీరిందనిపించింది. పాపని ఒళ్ళోకి తీసుకుని బెల్లం పెట్టిన మనిషి తల దించుకుంటే సంతోషించాను. ఇంజను అడగడంలో పడ్డ సిగ్గు ఈపాటికి మరిచిపోయేదాన్ని. ఇది మరపు రావడం లేదు. పాపకి అన్నం కలుపుతున్నప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు గుర్తొస్తుంది, చెయ్యి ఆగిపోతుంది.

"మీ మావ ఏటైనా సెప్పినాడా?" అంది చిన్నత్త చివరికి.

"ఏమీ చెప్పలేదు చిన్నత్తా."

"ఏటీ సెప్పనేదా" అని కాగితం మళ్ళీ చుట్టింది.

ఆ సాయంత్రమే ఇంజను వచ్చింది, కొత్త బెల్టుతో. పైమడిలో సగం దుబ్బులు అప్పటికే పోయాయి. దిగువ మళ్ళు నిలబడ్డాయి. మర్నాడు ఇంజను ఆడుతుండగా, పట్టపగలు మోటారు కొట్లో బల్బు మళ్ళీ వెలిగింది. గట్టు మీద ఉన్న అందరం చూశాం. ఎవరూ కదలలేదు.

చిన్నమామయ్య ఇంజను దగ్గర్నుంచే అన్నారు. "అన్నా, కరెంటొచ్చినాది."

మామయ్యగారు పారతో బోదె మళ్ళిస్తూ తలెత్తలేదు. "రానీ."

"మోటారేసుకో. డీజిలు దండగ."

"అది వస్తాది, పోతాది. నువ్వు తోడరా."

పంపకాల తర్వాత వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను వినడం అదే మొదలు. ఇప్పుడు ఇంజను సంగతి వాళ్ళే చూసుకుంటున్నారు. కరెంటున్ననాడు మోటారు, లేనినాడు ఇంజను. గట్టు మీద నిలబడి రెండు ముక్కలనుకుంటారు, అంతే. నన్ను పంపవలసిన అవసరం ఎవరికీ లేదు.

చిన్నత్తా, నేనూ మాత్రం మాట్లాడుకోవడం లేదు. మా ఇద్దరి మధ్య అడగవలసిందేమీ మిగల్లేదు, అడగకుండా వెళ్ళే మొహం నాకు లేదు. పాపకి నడక వచ్చింది. నా కన్నుగప్పి గోడ సందులోంచి వాళ్ళ పెరట్లోకి పోతుంది. చిన్నత్త దాన్ని ఎత్తుకొచ్చి మా వైపు దించి, నన్ను కేకెయ్యకుండానే వెనక్కి తిరుగుతుంది. నేను వంటింటి తలుపు చాటున నిలబడి, ఆవిడ వెళ్ళేదాకా ఆగి, అప్పుడు బయటికి వచ్చి పిల్లని తీసుకుంటాను.