పెన్సిల్ సారు పేరు మీద

ఆ కాలంలో మా ప్రొద్దుటూరు కుర్రాళ్ళకు రెండే దారులు కనిపించేవి. ఏదో ఒక పార్టీ పక్కన నిలబడటం, లేదా కంప్యూటర్ కోర్సులో చేరి ఏ పక్కనా నిలబడకుండా తప్పించుకోవడం. నేను రెండో దారి పట్టానని ఊరంతా గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్ప ఎంత ఉత్తదో ఇప్పుడు చెప్తాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఇన్నేళ్ళు దాచుకున్నా ఆ సిగ్గు తరిగింది లేదు.

కోర్సు అయ్యాక ఎర్రగుంట్లలో ఒక సిమెంటు లోడింగ్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. ఆ ఆఫీసు ప్రాణమంతా ఒక్క కాగితంలో ఉండేది: ఏ లారీ తర్వాత ఏ లారీకి లోడు అన్న సీరియల్. లారీల్లో సగం ఒక పార్టీ వాళ్ళవి, సగం ఇంకో పార్టీ వాళ్ళవి. (పార్టీ అంటే జెండా అనుకునేరు. జెండాలు ఎన్నికలకోసారి మారేవి, పక్కలు మాత్రం తాతల నాటివి.) ఆ సీరియల్ రాసేది జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చే ఒక ముసలి గుమాస్తా. మిషన్ కాలం నాటి క్రైస్తవ కుటుంబం, ఏ పక్కకూ చెందడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చెవి మీద పెన్సిల్. అందుకే అందరికీ పెన్సిల్ సారు. ఒక ఓనరు భార్య ఆస్పత్రిలో ఉందంటే అతని లారీని రెండు నంబర్లు పైకి జరిపి, పాత అంకెను రబ్బరుతో తుడిచేవాడు. మర్నాడు అవతలి పక్కవాళ్ళకు కష్టమొస్తే వాళ్ళకూ అలాగే తుడిచేవాడు. అందరూ చూసేవాళ్ళు, ఎవరూ చూడనట్టే ఉండేవాళ్ళు.

నాకది ఘోరమైన అన్యాయంగా కనిపించింది. (ఆ వయసులో అన్నీ అన్యాయంగానే కనిపిస్తాయి, మనం చేసేవి తప్ప.) నెట్ సెంటర్లో కూర్చుని వికీ గురించి చదివాను. ఎవరైనా తెరిచి ఎవరైనా దిద్దగలిగే పేజీలు, పెద్ద పెద్ద ప్రోగ్రాములు రాయక్కర్లేదు. దాన్ని సీడీలో ఎక్కించుకొచ్చి ఆఫీసు గదిలో, గేటు దగ్గర, లారీలు తూచే కాటా గదిలో ఉన్న మూడు కంప్యూటర్లలోనూ తెరుచుకునేలా పెట్టాను. లారీకో పేజీ, అన్నిటికీ కలిపి సీరియల్ పేజీ. ఆ ఊపులో ఎవరెప్పుడు సెలవో రాసే పేజీ, ఎవరికెన్ని టీలో రాసే పేజీ కూడా చేసి పారేశాను. అన్నిటికన్నా నేను మురిసిపోయింది ఒకందుకు: ఏ పేజీలో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అది వెనకాల రాసి పెట్టుకుంటుంది. ‘ఇంక మీ రబ్బరు పనిచేయదు సార్’ అన్నాను. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, ‘రబ్బరు లేకుంటే మన ఊర్లల్లో ఎట్లప్పా?’ అన్నాడు. పాతకాలపు మనిషి, పోనీలే అని జాలిపడ్డాను.

అందరికీ తలా ఒక పేరు, పాస్‌వర్డు ఇచ్చాను. వారం తిరక్కుండానే చూద్దును గదా, మార్పులన్నీ పెన్సిల్ సారు పేరు మీదే! గేటు అతనూ, కాటా అతనూ, చివరికి మేనేజరూ ఆ పేరుతోనే లోపలికి పోతున్నారు. ఎవరి పేరుతో వాళ్ళు రాయండని మొత్తుకుంటే గేటు అతను, ‘నా పేరు ఆడ పడితే మా ఇంటికాడికి వస్తారప్పా. సారైతే ఏ పక్కా కాదు గదా’ అన్నాడు. సారేమో తన పాస్‌వర్డును గోడ క్యాలెండరు మీద పెన్సిల్‌తో రాసి ఊరుకున్నాడు. ఆయన మాత్రం ఒక్కనాడూ మౌసు ముట్టలేదు. నోటితో చెప్పేవాడు, మేం కొట్టేవాళ్ళం.

ఇంతలో పులివెందుల నుంచి మా మేనమామ ఫోను. ‘ఏమిరా అల్లుడూ, బెంగుళూరు లోడు మూడు బండ్లకేనంట గదా. నా బండి పదకొండులో ఉండాది. నువ్వు ఆడ కూచుని ఏం జేస్తాండావు మరి?’ ఏ పక్కనా నిలబడని మహానుభావుణ్ణి, ‘అల్లుడూ’ అన్న ఒక్క మాటకు పోయి ఆ పక్కన నిలబడ్డాను. సారు ఆ రోజు చర్చిలో కోత పండగని సెలవులో ఉన్నాడు. క్యాలెండరు గోడ మీదే ఉంది. ఆయన పేరుతో లోపలికి పోయి పదకొండును మూడు చేశాను.

మర్నాడు పొద్దున, వెనక్కి పోయిన మూడో నంబరు లారీ ఓనరు రెండు జీపుల్లో మనుషులను వేసుకుని దిగాడు. అవతలి పార్టీలో ముఖ్యుడు. ‘ఎవరు మార్చింది?’ అన్నాడు, నెమ్మదిగానే. మేనేజరు చెమట తుడుచుకుంటూ నాతోనే ఆ పేజీ తెరిపించాడు. పెన్సిల్ సారు పేరు. ‘కంప్యూటరు అబద్ధం చెప్పదన్నా’ అన్నాడు మేనేజరు. సారు ముందురోజు ఆఫీసుకే రాలేదని ఆయనకు తెలుసు, గేటు అతనికీ తెలుసు. అందరూ చూశారు, ఎవరూ చూడనట్టే ఉన్నారు. నేను మౌసు మీంచి చేయి తియ్యకుండా ఆ పేజీని కిందికీ పైకీ జరుపుతూ కూర్చున్నాను. సారు తెర వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. చెవి మీది పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టి, ‘నేనే మార్చినాప్పా. చూపు సరిగా ఆనలేదు’ అన్నాడు. ఆ ఓనరు ‘నువ్వు గాబట్టి పోతాండా సార్. ఇంగొకరైతే కథ వేరేగా ఉంటాండె’ అని జీపెక్కాడు.

ఆ సాయంత్రమే సారును కాటా గదికి పంపేశారు. రిటైరుమెంటు ఇంకో ఏడాది ఉండగా, ఆ సిమెంటు దుమ్ములోకి. ఆయన కుర్చీ ఎవరికిచ్చారంటారా? నాకే. నేను అందులో కూర్చున్నాను కూడా.

పది రోజులు అన్నం సయించలేదు. ఒక మధ్యాహ్నం కాటా గదికి పోయి, ‘సార్, ఆ పొద్దు...’ అని మొదలుపెట్టాను. ‘తెలుసులేప్పా. తిన్న్యావా?’ అన్నాడు. చొక్కా బూడిదరంగుకు తిరిగింది. తెలిసి కూడా ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. ‘నీ పేరు జెప్తే మీ మామే జేయించినాడంటారు. మీ మామ పేరొస్తే ఆ రెండు జీపులూ యాడికి పోతాయి? నా పేరైతే ఈడనే నిలిచిపోతాది.’ నాకు ఏడుపొచ్చింది. ఆయన గొంతు తగ్గించి, ‘ఒక పని జెయ్యి. నీ సెలవుల పేజీలో ఆ పొద్దు నేను లేనట్టు ఉండాది. ఎవరన్నా చూస్తే నా మాట అబద్ధమైపోతాది. దాన్ని తుడిపెయ్’ అన్నాడు.

వచ్చి కూర్చున్నాను. మళ్ళీ ఆయన పేరుతో పోవడానికి చేయి రాలేదు. ఈసారి నా సొంత పేరుతో లోపలికి పోయి ఆ సెలవు తీసేశాను. ఎందుకు మార్చారని అడిగే గడిలో ‘పొరపాటు’ అని రాసి, గుండెలమీది బరువు దిగినట్టు ఊపిరి తీసుకున్నాను. బస్సులో సగం దూరం పోయాక గాని వెలగలేదు: సారు ఆ రోజు లేడనీ, ఆ సంగతి తీసేసింది నేనేననీ తేదీతో సహా ఆ పేజీ వెనకాల నేనే రాసిపెట్టి వచ్చాను! రబ్బరు పనిచేయదని డప్పు కొట్టిందీ నేనే, రబ్బరనుకుని రుద్దిందీ నేనే.

ఎవరూ తెరిచి చూడలేదు, లేదా చూసి చూడనట్టే ఉన్నారు. సారు ఆ కాటా గదిలోంచే రిటైరయ్యాడు. ఇప్పటికీ ఎక్కడైనా సంతకం పెట్టాల్సొస్తే ఆ కుర్రాడు గుర్తొస్తాడు. తప్పు పరాయి పేరుతో చేసి, సాక్ష్యం మాత్రం సొంత పేరుతో రాసిపెట్టుకున్న తెలివైనవాడు. సిగ్గుపడుతూనే వాణ్ణి చూసి కొంచెం నవ్వుకుంటాను. వాడు తయారుచేసిన అన్ని పేజీల్లోనూ నిజమన్నది ఆ ఒక్క వరుసే మరి: ‘పొరపాటు’, పక్కన వాడి పేరు.