మావయ్య నడవని దూరం

చాలా ఏళ్లుగా ఒక మాట లోపల పెట్టుకుని బతుకుతున్నాను. మా ఆయనకూ చెప్పలేదు, పిల్లలకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా మావయ్య ఊపిరి గురించి నేను అబద్ధాలు రాశాను.

మావయ్య అంటే అమ్మకు అన్నగారు. మండపేటలో రైసుమిల్లు లారీ నడిపేవాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. రెండు వేల నాలుగో, ఐదో, ఆయనకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అన్నారు. హైదరాబాదులో వైద్యం చేసి ఇంటికి పంపేటప్పుడు, మాటిమాటికీ అంత దూరం రాలేరని, ఎలా ఉన్నాడో ఈమెయిల్లో రాస్తుంటే ఆయన ఒంటికి తగ్గ వ్యాయామం పంపుతుంటానని అక్కడి ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెప్పింది. అప్పుడే డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను. రాసే పని నాకు పడింది.

మొదటి మెయిల్ చదివి ఆశ్చర్యపోయాను. ఆయన లారీ డ్రైవరని గుర్తుపెట్టుకుని, కుర్చీలో కూర్చుని స్టీరింగ్ తిప్పుతున్నట్టు చేతులు తిప్పమంది. వేడి టీని ఊదినట్టు నెమ్మదిగా గాలి వదలమంది. మాట్లాడుతూ నడవాలి, మాట తెగితే ఆగిపోవాలి అంది. ఒక్కసారి చూసిన మనిషి ఒంటిని అంత దూరం నుంచి, నా నాలుగు మాటల్లోంచి ఆవిడ ఎలా చూడగలుగుతోంది? నెట్ సెంటర్లో ఆ మెయిల్ తెరుచుకునేలోపు తెర మీదికి వంగిపోయేదాన్ని.

రోజూ సాయంత్రం కాలవగట్టు మీద నడిచేవాళ్లం. మావయ్య సామర్లకోట రోడ్డులో లారీ దిగబడిన కథలు చెబుతూ నడిచేవాడు. ఒకరోజు లాకుల దాకా వెళ్లేలోపు మాట తెగి, గట్టు మీద కూర్చుండిపోయాడు. నేను మాత్రం ఆగకుండా వెళ్లాడని రాశాను.

ఎందుకు? అప్పుడూ నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఆయన బాగుపడాలన్న కోరిక అని సర్దిచెప్పుకున్నాను. అది కాదు. ఆగాడని రాస్తే పాతవే మళ్లీ చేయమంటుంది. నాకు తర్వాత ఏం పంపుతుందో చూడాలనుంది. అంతే. మంచి సీరియల్లో తర్వాతి భాగం కోసం ఎదురుచూసినట్టు, ఒక మనిషి ఊపిరితో ఎదురుచూశాను. ఆవిడ చాలా సంతోషించింది. కొత్త వ్యాయామాలు పంపింది. వాటికీ అలాగే రాశాను. నేను రాసిన మనిషికి తగ్గట్టు ఆవిడ బరువు పెంచుతూ పోయింది, మోసింది మాత్రం మావయ్య. కాళ్లు వణుకుతున్నా, డాక్టరమ్మ చెప్పిందంటే ఊరికే చెప్పదని చేసేవాడు.

అప్పుడే ఆయనకు కోరుకొండ ఎక్కి నరసింహస్వామిని చూడాలనిపించింది. అడగమన్నాడు, అడిగాను. నేను రాస్తున్నదాన్ని బట్టి చూస్తే మధ్యమధ్యలో కూర్చుంటూ ఎక్కవచ్చని, మాట తెగితే దిగిపోవాలని ఆవిడ రాసింది. ఆ ముక్క నేనూ చెప్పాను. ఆయన వినలేదు. సగం కూడా ఎక్కకముందే పెదాలు నీలంగా అయిపోయి మెట్ల మీద వాలిపోయాడు. దారిన పోయేవాళ్లు కింద కొట్లోంచి కుర్చీ తెచ్చి, కూర్చోబెట్టి కిందికి మోసుకొచ్చారు.

మర్నాడు మంచం మీంచే నా చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టరమ్మకి ఇది రాయకమ్మా."

"ఎందుకు మావయ్యా?"

"ఆవిడ అంత నమ్మకంగా చెప్పింది కదా. నేనే చెయ్యలేకపోయాను. పాపం, బాధపడుద్ది."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "సరే" అన్నాను.

ఆ తర్వాత ఆయన నడక మానేశాడు. తన వల్ల కాదని నమ్మేశాడు. కాలవగట్టుకు వెళ్దామంటే గోడవైపు తిరిగేవాడు. వర్షాకాలం వెళ్లకముందే పోయాడు. రోగం అప్పటికే పాకిందని డాక్టర్లు అన్నారు. కావచ్చు. చావు నా వల్ల రాలేదేమో. కానీ మిగిలిన ఆ కొద్ది సాయంత్రాలు? తాను చేతకానివాడినన్న ఆ నమ్మకం? అవి నావే.

మావయ్య కొండ మెట్ల మీద పడిపోయిన సంగతి ఎవరి ద్వారానో తెలిసి డాక్టరమ్మ రాసింది. మెట్లెక్కవచ్చనడం తన పొరపాటా అని అడిగింది. ఎక్కడ తప్పు లెక్కేసిందో చెబితే మిగతా రోగుల విషయంలో జాగ్రత్తపడతానంది. చదివాను. జవాబు రాయలేదు. ఆ నెట్ సెంటర్‌కు మళ్లీ వెళ్లలేదు.

ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ తర్వాత ఆవిడ ఎంతమందిని భయంతో ఆపేసి ఉంటుంది? ఎక్కగలిగినవాళ్లను కూడా వద్దని ఉంటుందా? నాకెప్పటికీ తెలియదు.

డాక్టరమ్మగారూ, మీ పొరపాటు కాదండీ. ఆయన చేతకానితనమూ కాదు. నేను అబద్ధం రాశాను. క్షమించమని అడగాల్సిన మనిషి లేడు, కాబట్టి అడగడం లేదు. ఇది ఇప్పుడు నాకొక్కదానికే తెలిసిన విషయం కాదు. నాకు దక్కిన తేలిక అంతమట్టుకే.