ఒంటి గీత దిద్దుబాటు

దబ్బనం పిడి మీద అరచెయ్యి ఆనించి, బుబుసారా దాన్ని కాగితాల కట్టలోకి దించింది. నరీన్ కోర్టు నుంచి పైకోర్టుకు వెళ్ళే ప్రతి కేసునూ దారంతో కుట్టి, ముడి మీద చీటీ అంటించి, ముద్ర వేసేది కోర్టు కార్యదర్శిగా ఆమే. మధ్యాహ్నం బండికి ఈ కట్ట వెళ్ళాలి.

ఒరొజ్‌బాయ్ తన పెళ్ళాం కనిషాయ్ మెడ మీద టీ నీళ్ళు మరిగే సమోవార్ కుమ్మరించిన కేసు అది. విచారణలో అతను "పోశాను, మళ్ళీ పోస్తాను" అని అరిచాడు. అదే క్షణంలో అతని తల్లి "సమోవార్ దానంతటదే ఒరిగింది" అని గుండెలు బాదుకుంది. ఆ గోలలో బుబుసారా తల్లి మాటను కొడుకు పేరు కింద రాసింది. కనిషాయ్ అభ్యంతరం చెప్పింది. జడ్జి దిద్దమన్నాడు. పాత మాట కనబడేలా దాని మీద ఒకే సన్నగీత, పైన సరైన మాట, పక్కన "దిద్దినదాన్ని నమ్మవలెను", సంతకం, ముద్ర. ఆ కాగితం కట్టలో ఉంటేనే ఒరొజ్‌బాయ్ లోపల ఉంటాడు. లేకపోతే ప్రమాదమని బయటికొస్తాడు. కనిషాయ్ ఈసారి బతకదు.

ఒరొజ్‌బాయ్ తమ్ముడు తిలెక్ తలుపు తోసుకుని వచ్చాడు.

"అక్కా, ఆ కాగితం చించెయ్. కొత్తది రాసుకో."

"ఇక్కడ చించడమంటూ ఉండదురా. మీ అమ్మ మాట గీత కింద అలాగే ఉంది, చదువుకో."

"మా ఇంటి గుట్టు ఊరేగిస్తావా?"

"గుట్టా? మీ వదిన మెడ చూశావా ఎప్పుడైనా? తోలొలిచిన గొర్రె నయం."

అతను దబ్బనం లాక్కుని ఆమె ఎడమచేతిలో పొడిచాడు. మొన అరచేతిని దాటి బల్లలో దిగింది. ఆమె కేకవేస్తూ కట్ట మీద బోర్లాపడింది. జుట్టు పట్టి తలను బల్లకేసి బాదాడు. పన్ను విరిగింది. అయినా కట్ట వదల్లేదు. కాపలాదారు మక్సత్ పరిగెత్తుకొచ్చి, అతని మోకాళ్ళ మీద కుర్చీతో కొట్టి కూల్చి, బయటికి ఈడ్చి పోలీసులకు అప్పజెప్పి వచ్చాడు.

"ఆసుపత్రికి పద అక్కా."

"బండి నాకోసం ఆగుతుందా? ముందు ఈ దబ్బనం లాగు. మెల్లగా కాదు, ఒక్కసారే."

మక్సత్ దబ్బనం పెరికాక ఆమె చేతికి తలగుడ్డ చుట్టుకుంది. కాగితం అంచున నెత్తుటి చుక్కలు పడ్డాయి. తుడవలేదు. పక్కన "ఇది కార్యదర్శి రక్తం. ఏ అక్షరమూ చెడలేదు" అని రాసి తను సంతకం చేసింది, సాక్షిగా మక్సత్ చేత కూడా చేయించింది. మిగిలిన రంధ్రాలు అదే దబ్బనంతో పొడిచి, దారం కొసను పళ్ళతో పట్టి బిగించి, చీటీ అంటించి ముద్ర వేసింది.

డ్రైవర్ జోమార్త్ ఆమె మొహం చూసి బిత్తరపోయాడు. "ఏంటక్కా ఇది?"

"కేసు. సంతకం పెట్టి తీసుకుపో."

అతను సంతకం పెట్టి, కట్ట రెండు చేతులా అందుకున్నాడు.