కోటకు గంటన్నర

ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది కాబట్టి, మ్యాపు ఇస్తే తలకిందులుగా పట్టుకునే రకం నేను. కంప్యూటర్ ఉద్యోగాల జోరు సాగుతున్న రోజులవి. సింగపూర్‌లో పనికొచ్చిన నేను చోవా చూ కాంగ్ స్టేషన్లో రైలెక్కితే, పక్క సీట్లో ఒక తెలుగాయన. ఒళ్లో ఐర్లండ్‌లోని కిన్సేల్ అనే పాత రేవుపట్నం మ్యాపు. కాగితం మీద కోటకు గంటన్నర, చర్చికి ముప్పావుగంట అని రాస్తున్నాడు.

"పరీక్షా సార్?" అన్నాను.

"మా మిసెస్‌కి ఆ దేశంలోనే జాబ్. నేను వెళ్లి అక్కడ రెండ్రోజులు కలిసి తిరిగాక, నాతో ఉంటుందో విడిపోతుందో చెప్తానంది."

"మరి మాట్లాడుకోడానికి టైమేది సార్ ఇందులో?"

ఆయన నవ్వలేదు. టోవా పాయో స్టేషన్ దాకా కాగితం వైపే చూసి, కోటను కొట్టేశాడు. తర్వాత చర్చినీ కొట్టేశాడు.

ఆదివారం ఫోన్లో ఇదంతా ఊళ్లో ఉన్న మా ఆవిడకు గొప్పగా చెప్పాను.

"ఆయనకు బాగానే చెప్పావు," అంది. "నాతో జోకులు ఆపి ఎప్పుడు మాట్లాడతావు?"