గెవా కడుపులో నీరు

గెవా పొట్ట పెరగడం మొదలైనప్పుడు ఊరంతా సంబరపడింది. పోర్ట్ మోర్స్‌బీ నగరం ఒడ్డున, సముద్రంలో గుంజలు పాతి ఇళ్లు కట్టుకున్న ఊరు అది. ఇంటికీ ఇంటికీ మధ్య చెక్కల దారే దిక్కు. గెవా వక్కలు అమ్మే చోట ఆడవాళ్లు ఆమెను వదల్లేదు.

"కవలలేనే! లేకపోతే నీ మొగుడు పట్టిన చేపలన్నీ నువ్వే మింగుతున్నావా?"

"మీకెందుకంత కడుపుమంట? ముందు వక్కలు కొనండి" అనేది గెవా.

పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. అందుకే ఆమె కూడా నమ్మింది. పొట్ట పెరుగుతుంటే చేతులు మాత్రం సన్నబడ్డాయి. సాయంత్రమయ్యేసరికి జ్వరం. ఆసుపత్రి స్కానింగులో బిడ్డ లేదు. పొట్ట నిండా నీరు, రెండు అండాశయాల దగ్గరా గడ్డలు.

డాక్టర్ వామిల్ కొండప్రాంతం మనిషి. మాట నాన్చడు.

"రక్తంలో సిఎ-125 అనే పదార్థం చాలా ఎక్కువగా ఉందమ్మా. అండాశయ క్యాన్సర్‌లో అలా పెరుగుతుంది. కడుపులో క్షయ ఉన్నా పెరుగుతుంది. స్కానింగులోనూ రెండూ ఒకేలా కనిపించొచ్చు. క్యాన్సరైతే గర్భసంచి, అండాశయాలు తీసెయ్యాలి. క్షయైతే మాత్రలు వాడాలి. మీ ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా?"

మంచం పక్కన కూర్చున్న గెవా అన్న వగి మాట అందుకున్నాడు. "లేదు డాక్టర్. దీని అక్క కోనియోని చేతబడి చేసి చంపారు. అది మీ చదువుకి అందదులే."

క్షయ లేదనుకుని డాక్టరు ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశాడు.

అక్క కోనియో దగ్గి దగ్గి చనిపోయింది. చేతబడి చేసిందన్న నింద రాకా అనే ముసలామె మీద పడింది. వగి, అతని స్నేహితులు పట్టపగలు ఆమె ఇంటి ముందు దారి చెక్కలు పీకేశారు. దారి లేని ఇంట్లోంచి ఆమె పడవెక్కి వెళ్లిపోయింది. మళ్లీ కనిపించలేదు. కోనియో క్లినిక్ మాత్రలు సున్నపుకాయలో దాచుకుందనీ, ఒళ్లు కాస్త తేలికపడగానే మానేసిందనీ గెవాకు ఒక్కదానికే తెలుసు.

ఆపరేషన్ రోజు ఉదయం డాక్టరు ఒప్పుకోలు కాగితం తెచ్చాడు. వగి ఆమె చేతిలో కలం పెట్టాడు. "సంతకం చెయ్యవే. ప్రాణం ముఖ్యం."

"అన్నా, నువ్వు కాసేపు బయటికెళ్లు."

"నా దగ్గర దాచేదేముంది?"

"అయితే విను." ఆమె డాక్టరు వైపు తిరిగింది. "మా అక్క క్లినిక్‌లో ఇచ్చిన ఎర్ర మాత్రలు మింగేది. మూత్రం నారింజరంగులో వచ్చేది. నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని."

"నోరు ముయ్యి! ఏం కూస్తున్నావో తెలుసా?" వగి లేచి నిలబడ్డాడు.

"తెలుసు. కడుపు నాది."

"అవి క్షయ మాత్రలే" అంటూ డాక్టరు ఆ కాగితం పక్కన పెట్టాడు. పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూస్తే, లోపలి పొర మీద సగ్గుబియ్యంలాంటి తెల్లని గింజలు. ముక్కలు తీసి పరీక్షకు పంపాడు. క్షయేనని తేలింది.

"గర్భసంచి జోలికి పోలేదు. పిల్లల మాట మాత్రం ఇప్పుడే చెప్పలేను."

వగి మళ్లీ ఆసుపత్రికి రాలేదు.

మాత్రల సంచితో గెవా, ఆమె భర్త కోరి ఇద్దరూ ఊరికి తిరిగొచ్చారు. గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కోరి ముందు నడుస్తూ ఒక్కసారిగా ఆగి, వెనక్కి చెయ్యి చాపి ఆమెను ఆపాడు.

వాళ్ల ఇంటి ముందు చెక్కలు లేవు. గుంజల మీద మేకులు ఊడిన చోట్లు తెల్లగా ఉన్నాయి. కింద నీళ్లు కదులుతున్నాయి.